నల్లపక్షి వచ్చే సీను

ఇప్పుడొస్తది సూడు, అన్న చేతనతోటి.
ఇప్పుడొస్తది నల్లపక్షి,
తెర మొత్తం కప్పేసే రెక్క.
కండ్లు మూసుకోకు.

ఏనుగొండల రెండో అంతస్తు కిరాయిల్లు.
ఆదివారం. బుడ్డలు వేయించి గిన్నెల వోసిన.
ముప్పై ఏండ్ల సంది చెప్పుకుంటొచ్చిన సినిమా,
పెండ్లైన కొత్తల దీని నాయినకు,
తర్వాత దీనికి,
బువ్వ తినకుంటె ఒకపాలి, జరమొస్తె ఒకపాలి.
మంచు దేశం. మీసాల దున్న. దాని పిల్ల.
నల్లపక్షి.

నేను అప్పుడు మక్తల్‌ల నాల్గో తరగతి.
పొద్దుగూకినంక బడి మొత్తం వరుస కట్టి పోయినం
రేకుల టూరింగు టాకీసుకు, తలకు రూపాయి.
నేల టికెట్టు. కింద ఇసుక ఇంకా ఎచ్చగనే ఉండె.
బొమ్మలు ఇంగిలీషుల మాట్లాడినయి.
మా సారుకు గూడ సమజు కాలే.
అప్పుడు గేటుకాడి తాయప్ప
టార్చిలైటు చంకల వెట్టుకొని
మెషిను పక్కకొచ్చి నిలవడ్డడు.
"ఇనుండ్రి పోరగాండ్లు,
గిది మీసాల దున్న. నీళ్లల్ల ఉంటది.
గా చిన్నది దాని బిడ్డ, పేరు రంగి.
పని చేతగాదు గని తిండికి ముందుంటది."
మేం నవ్వితే రేకులు అదిరినయి.
చేప కనవడితే "అగో, మన కృష్ణల వట్టింది" అన్నడు.
తెల్ల ఎలుగు వస్తే
"వడ్డీ సేటొచ్చిండు, దాసుకోండ్రి" అన్నడు.
నిజంగనే తలకాయలు దించినం.

ఇయ్యాల టీవీల అవి తెలుగే మాట్లాడుతున్నయి.
"అమ్మా, ఈ హిమఖండం ఎంత అందంగా ఉందో కదా!"
రంగి పేరు రంగి కాదట.
మీసాల దున్న గూడ కాదట, వాల్రస్ అట.
ఎలుగు వచ్చి అప్పు సంగతే ఎత్తలేదు,
ఒక పాట పాడి పోయింది.
నా యాదిల మంచు
ఏప్రిల్ నెలల ఒళ్లు వణికించిన మంచు.
ఇది నలభై మూడు అంగుళాలు.
తెల్లారిందాంక ఆడిందనుకున్న సినిమా
గంటా పది నిమిషాలట.
"ఇంకెంత సేపు?" అంటది చేతన,
ఒక కన్ను ఫోను దిక్కు.

ఆగు. పక్షి వస్తది.

గాలి లేసింది. మంచు పలిగింది.
నాకు తెలుసు ఈ జాగ.
ఇక్కడనే పైకెల్లి రెక్క దిగుతది,
అయిదు ఈకల రెక్క.
చీకటి. తాయప్ప గొంతు జరసేపు ఆగుతది.
"రంగి తల్లి బొంబయి పోయింది.
పనుంది. పీర్ల పండుగకొస్తది" అంటడు.

పక్షి రాలే.
ఆ జాగల తల్లి పండుకొని ఉంది
మంచు మీద, ఒక పక్కకు.
మీసాలకు మంచు వట్టింది.
పిల్ల మూతితోటి నూకుతుంది. మల్ల నూకుతుంది.
ఎనిమిది లెక్కవెట్టేంత సేపు.

రిమోటుతో ఎనక్కి జరిపి మల్ల సూసిన.
అయిదు ఈకలు.
నాలుగు పొడుగు, ఒకటి పొట్టి, పక్కకు ఒంగి.
గేటుకాడ టికెట్టు చింపే ఆ బొటనవేలు
నాకు తెలుసు.

ఇసుకల కూసున్న అరవై మందిల
ఎందరి అమ్మలు బొంబయిల ఇసుక మోస్తుండిరో
లోపలికి తోలేటప్పుడే లెక్కవెట్టుకున్నడేమో.
మా అమ్మ పీర్ల పండుగకు వచ్చింది,
రెండు చీరెలు, కుంటుతున్న కుడికాలు.
జంగిలప్ప వాళ్లమ్మ రాలే.
వాడు రెండేండ్లు ఆ బస్సు ఆగేకాడ నిలవడ్డడు.
తాయప్పకు మొక్కాల్నో తిట్టాల్నో
నాకింకా తేలలే.

"మమ్మీ, పక్షి ఏది?
వాళ్లమ్మకేమైంది?"

లేసి టీవీకి చెయ్యి అడ్డం వెట్టిన.
చెయ్యి చెయ్యిలెక్కనే ఉంది, రెక్క కాలే.
ఈ డబ్బాకు వెలుగు లోపలికెల్లే వస్తది,
నీడ ఎక్కడ పడాలె?
వేళ్ల సందులకెల్లి మంచు కనవడుతనే ఉంది.

"జరుగు మమ్మీ, అడ్డమొస్తున్నవ్" అన్నది చేతన,
ఫోను బోర్లేసి,
అప్పటికెల్లి మొదటిపాలి సినిమా సూసుకుంట.